పది పేర్ల నుంచి ఐదుకి: టీ1 రోస్టర్ పట్టికని ఎలా చదవాలి

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కంప్యూటర్ ఆట పోటీలు చూసేవాళ్లలో టీ1 పేరు తెలియనివాళ్లు ఉండరు. దక్షిణ కొరియా టీమ్. 2013, 2015, 2016, 2023, 2024, 2025లో, అంటే మొత్తం ఆరుసార్లు, ప్రపంచ విజేత. ఇన్నేళ్లలో ఆ టీమ్ తరఫున ఎవరెవరు ఆడారో ఒక పట్టికగా చూస్తే మాత్రం కొత్తగా ఆట చూడటం మొదలుపెట్టినవాళ్లకి తల తిరిగిపోతుంది. 2021 వరుసలో ఏకంగా పది పేర్లు ఉంటాయి. దాని కిందే 2022లో ఐదు. ఆ ఐదే 2023లో, మళ్లీ ఆ ఐదే 2024లో. ఇంకొంచెం పైకి వెళ్తే 2019లో అంతకుముందు ఈ పట్టికలో లేని కొత్త పేర్లు నాలుగు, మరుసటి ఏడాదికి అందులో ముగ్గురు మాయం. 2014 అయితే అసలు రెండు టీమ్‌లు కనిపిస్తాయి.

కప్పు గెలిచిన సంవత్సరాలు చూసి, ఆ వరుసల్లో ఉన్న పేర్లే గొప్పవి అనుకుని పట్టిక మూసేస్తాం. నేనూ చాలాకాలం అలాగే చదివాను. కానీ ఈ పట్టికలో అన్నిటికంటే ముఖ్యమైన వరుస ఏదంటే నేను ఏ కప్పూ లేని 2021నే చూపిస్తాను. అలా ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక్కో టీమ్‌లో ఐదుగురు ఆడతారు: టాప్, జంగిల్, మిడ్, బాట్, సపోర్ట్. ఒకరి స్థానంలో ఇంకొకరు సర్దుకుపోవడం దాదాపు ఉండదు. మిడ్ ఆడేవాణ్ణి తీసుకెళ్లి జంగిల్లో పెడితే ప్రొఫెషనల్ స్థాయిలో నెగ్గుకురాలేడు. కాబట్టి రోస్టర్‌లో, అంటే టీమ్ ఆటగాళ్ల జాబితాలో, పదిమంది ఉన్నారంటే పదిమందిలోంచి ఎవరో ఐదుగురిని ఎంచుకుంటారని కాదు. ఏ స్థానానికి ఇద్దరున్నారు, ఏ స్థానానికి ఒక్కడే ఉన్నాడు అన్నదే చూడాలి. ఆటగాణ్ణి మార్చాలన్నా ఒక గేమ్ ముగిసి ఇంకోటి మొదలయ్యేలోపే మార్చాలి, ఆట మధ్యలో కుదరదు.

పేర్ల సంగతి కూడా చెప్పేయాలి. వీళ్లంతా ఆటపేర్లతోనే చలామణీ అవుతారు. తెలుగులో రాసేసరికి కొన్ని భలే తమాషాగా తయారవుతాయి. ఓనర్ అంటే టీమ్ యజమాని అనుకునేరు, అతను జంగ్లర్. 2020లో టాప్ ఆడిన కుర్రాడి పేరు కన్నా. ఇంగ్లిష్ ఉచ్చారణ పట్టుకుంటే ఇంకో టాప్ ఆటగాడు 'జ్యూస్' అయిపోతాడు, అందుకే ఇక్కడ జియూస్ అని రాస్తున్నాను.

టీ1 అసలు పేరు ఎస్‌కే టెలికాం టీ1. 2013 తొలి నెలల్లో పదహారేళ్ల లీ సాంగ్‌హ్యోక్ అనే కుర్రాణ్ణి మిడ్‌లోకి తెచ్చారు. అతనే ఫేకర్. ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్‌లో ఇంపాక్ట్, బెంగీ, ఫేకర్, పిగ్లెట్, పూమాండూ కలిసి చైనా టీమ్ రాయల్ క్లబ్‌ని 3-0తో కొట్టి వరల్డ్స్, అంటే ప్రపంచ ఛాంపియన్‌షిప్, గెలిచారు. పట్టిక చూసేవాళ్లు ఇక్కడే మొదటిసారి తికమకపడతారు. అప్పట్లో కొరియాలో ఒకే సంస్థ రెండు టీమ్‌లు నడపొచ్చు. ఎస్‌కే టెలికాంకి 'కె' టీమ్, 'ఎస్' టీమ్ అని రెండుండేవి. కప్పు గెలిచింది కె టీమ్. 2013-14 శీతాకాలం టోర్నమెంట్‌ని ఒక్క గేమ్ కూడా ఓడకుండా ముగించింది కూడా ఆ టీమే. ఎస్ టీమ్‌ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2014లో కె టీమ్ చతికిలబడింది. రెండింట్లో ఏ టీమూ వరల్డ్స్‌కి వెళ్లలేదు. ఆ ఏడాది చివర కొరియాలో రెండు టీమ్‌ల పద్ధతి రద్దు చేశారు, ఒక సంస్థకి ఒకే టీమ్ అన్నారు. అదే సమయంలో చైనా టీమ్‌లు పెద్ద జీతాలతో కొరియా ఆటగాళ్లని ఎగరేసుకుపోవడం మొదలుపెట్టాయి. ఆ ఏడాది ప్రపంచ విజేత శాంసంగ్ వైట్, దాని తోబుట్టువు శాంసంగ్ బ్లూ రెండూ మొత్తానికి మొత్తం ఖాళీ అయిపోయాయి. మన కె టీమ్ నుంచి ఇంపాక్ట్, పిగ్లెట్ అమెరికా దారి పట్టారు.

మిగిలిన రెండు సగాలనీ కలిపి కుట్టారు. ఫేకర్, బెంగీ కె టీమ్‌వాళ్లు. మారిన్, బ్యాంగ్, వుల్ఫ్ ఎవరూ పట్టించుకోని ఎస్ టీమ్‌వాళ్లు. ఈ ఐదుగురే 2015లో బెర్లిన్‌లో కూ టైగర్స్‌ని 3-1తో ఓడించి వరల్డ్స్ గెలిచారు. ఆ టోర్నమెంట్ మొత్తం మీద వాళ్లు పోగొట్టుకున్న గేమ్ ఆ ఫైనల్లోది ఒక్కటే. విజేతల్లో ముగ్గురు రెండో టీమ్ నుంచి వచ్చినవాళ్లన్న సంగతి పట్టికలో ఒకే వరుసగా చూస్తే కనిపించదు, దాని పై రెండు వరుసలూ కలిపి చదవాలి. ఈ ముక్క గుర్తుంచుకోండి, 2021 దగ్గర పనికొస్తుంది.

మిడ్‌లో ఈజీహూన్ అని ఇంకొకడు కూడా ఉండేవాడు, అతనూ ఎస్ టీమ్ నుంచే. ఫేకర్ ఉన్న టీమ్‌లో మిడ్‌కి పోటీ ఉండటమేంటని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, 2015లో ఇద్దర్నీ మార్చి మార్చి ఆడించారు. ఈజీహూన్ నెమ్మదైన, ఓపికగా లాగే ఆటకి పెట్టింది పేరు. ఫేకర్ మీదపడిపోయే రకం. ఎదుటి టీమ్ ఎవరి కోసం సిద్ధమవ్వాలో తెలియక జుట్టు పీక్కునేది. దీని వెనకున్నది హెడ్ కోచ్ కిమ్ జాంగ్‌గ్యున్. ఆయన ఆటపేరు క్కొమా, కొరియన్‌లో చిన్నపిల్లాడు అని అర్థం.

సబ్ (బదులు ఆటగాడు) అనేవాడు ఎందుకుంటాడో తెలియాలంటే 2016 సెమీఫైనల్ ఒక్కటి చూస్తే చాలు. న్యూయార్క్, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఎదురుగా రాక్స్ టైగర్స్. ఆ ఏడాది జంగిల్లో ఎక్కువగా ఆడింది బ్లాంక్, పాతకాపు బెంగీ బెంచీ మీద. మిస్ ఫార్చ్యూన్ అనే పాత్రని సపోర్ట్‌గా వాడే వింత ఎత్తు వేసి రాక్స్ 2-1 ఆధిక్యంలోకి వెళ్లింది. ఇంకొక్క గేమ్ పోతే ఇంటికే. నాలుగో గేమ్‌కి క్కొమా బెంగీని లేపాడు. బెంగీ నిడలీని తీసుకున్నాడు. నిడలీ అంటే మొదటి నిమిషం నుంచీ దూకుడుగా ఆడాల్సిన పాత్ర, బెంగీ పోటీ మ్యాచ్‌ల్లో ఎప్పుడూ ముట్టుకోనిది. వేలమంది ముందు, ఓడితే సీజన్ అయిపోయే గేమ్‌లో, అదే తీసుకుని గెలిపించాడు. ఐదోదీ గెలిచారు. ఆ తర్వాత ఫైనల్లో శాంసంగ్ గెలాక్సీ మీద 3-2తో మూడో కప్పు. పట్టికలో బెంగీ పేరు పక్కన ఆ ఏడాది 'సబ్' అని ఉంటుంది, అంతే. సీజన్ ముగిశాక అతను చైనా వెళ్లిపోయాడు.

2017 గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హూనీ, పీనట్ వచ్చారు, బీజింగ్‌లో ఫైనల్ దాకా వెళ్లారు, అదే శాంసంగ్ చేతిలో 0-3. ఓడాక ఫేకర్ కుర్చీలోంచి లేవలేక తల వంచుకుని ఏడ్చిన దృశ్యం ఇప్పటికీ అందరికీ గుర్తే. 2018 మరీ ఘోరం. వేసవి సీజన్లో ఏడో స్థానం. ఆ ఏడు వరల్డ్స్ కొరియాలోనే జరిగాయి, సొంత గడ్డ మీద ఆడేందుకు కూడా అర్హత రాలేదు. ఏడాది చివర బ్యాంగ్, వుల్ఫ్ కూడా వెళ్లిపోయారు. పాత ఇంట్లో ఫేకర్ ఒక్కడే మిగిలాడు.

అప్పుడు టీమ్ పర్సు తెరిచింది. టాప్‌కి ఖాన్, జంగిల్‌కి క్లిడ్, బాట్‌కి టెడ్డీ, సపోర్ట్‌కి మాటా. నలుగురూ వేర్వేరు టీమ్‌లలో పేరు మోసినవాళ్లే. కాగితం మీద ఆ 2019 వరుసంత బలమైనది ఈ పట్టికలో ఇంకోటి లేదు. కొరియా లీగ్‌లో వసంతం, వేసవి రెండు టైటిళ్లూ కొట్టేశారు కూడా. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. మే నెలలో ఎంఎస్‌ఐ (సీజన్ మధ్యలో జరిగే అంతర్జాతీయ టోర్నమెంట్) సెమీస్‌లో యూరప్ టీమ్ జీ2 చేతిలో 2-3, నవంబర్‌లో మాడ్రిడ్‌లో వరల్డ్స్ సెమీస్‌లో మళ్లీ అదే జీ2 చేతిలో 1-3. సీజన్ అయిపోయిన కొద్ది వారాలకే ఖాన్ చైనాకి, క్లిడ్ ఇంకో కొరియా టీమ్ జెన్.జీకి వెళ్లారు. మాటా ఆట మానేసి కోచింగ్‌లోకి దిగాడు. ఏళ్లుగా ఉన్న క్కొమా కూడా వెళ్లిపోయాడు. సంస్థ పేరే మారింది: ఎస్‌కే టెలికాం, అమెరికా సంస్థ కామ్‌కాస్ట్ స్పెక్టాకర్ కలిసి నడిపే టీ1 అయింది.

కట్టిన ఇల్లు ఒక్క నెలలో ఎలా ఖాళీ అవుతుంది? కాంట్రాక్టుల వల్ల. ప్రధాన లీగ్‌లలో ఆటగాళ్ల కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో ఆ తేదీని ఈ ఆట తయారుచేసిన రయట్ గేమ్స్ సంస్థ బహిరంగంగా ఉంచుతుంది. జీతం ఎంతో చెప్పదు, తేదీ మాత్రం అందరికీ కనబడుతుంది. ఆ తేదీలన్నీ దాదాపు నవంబర్‌లోనే, వరల్డ్స్ ముగిసిన కొద్ది రోజులకే ఉంటాయి. అప్పటిదాకా వేరే టీమ్‌లు అతనితో సొంత టీమ్ అనుమతి లేకుండా బేరమాడకూడదు. తేదీ దాటిందో, ఆటగాడు ఫ్రీ ఏజెంట్, ఎవరితోనైనా మాట్లాడొచ్చు. ఒక్క ఏడాది కాంట్రాక్టుల మీద ఐదుగురు స్టార్లని తెచ్చుకుంటే ఆ ఐదుగురూ ఒకే రోజు చేజారిపోవచ్చు. టీమ్ గెలిచినా చిక్కే, ఎందుకంటే ఐదుగురి ధరా ఒకేసారి పెరుగుతుంది. అభిమానులకి నవంబర్ అంటే ఆటల నెల కాదు, టెన్షన్ల నెల.

ఇక బయటికి కనిపించనిది ఇంకోటి. టీ1 ఇంటి లోపల ట్రైనీలు అని కొంతమంది కుర్రాళ్లని ఏళ్ల తరబడి పెంచుతోంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, ఇక్కడా అంతే, స్టార్ల కోసం బయట వెతికినన్నాళ్లూ వీళ్లని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2020లో మొదటిసారి తలుపు కొంచెం తెరిచారు. టాప్‌లో కన్నాని దింపారు, వసంతం టైటిల్ గెలిచారు. వేసవిలో క్లోజర్ అనే కుర్రాడి కోసం ఏకంగా ఫేకర్నే బెంచీ మీద కూర్చోబెట్టారు. అప్పుడు జరిగిన రాద్ధాంతం అంతా ఇంతా కాదు. పైగా ఫేకర్ ఆ ఏడాదే టీమ్‌లో వాటాదారు కూడా అయ్యాడు. వాటాదారుని బెంచీ మీద కూర్చోబెట్టి పద్దెనిమిది కూడా నిండని పిల్లాణ్ణి ఆడించడం ఏ ఆటలోనైనా అరుదే. ఆ ఏడూ వరల్డ్స్‌కి అర్హత రాలేదు.

ఇప్పుడు 2021 వరుసకి వద్దాం. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి.

టాప్: కన్నా, జియూస్. జంగిల్: ఎల్లిమ్, కజ్, ఓనర్. మిడ్: ఫేకర్, క్లోజర్. బాట్: టెడ్డీ, గుమాయుసి. సపోర్ట్: కెరియా. మొత్తం పదిమంది. సపోర్ట్‌లో మాత్రం పోటీ లేదు, ఇంకో కొరియా టీమ్ డీఆర్‌ఎక్స్ నుంచి తెచ్చిన కెరియా ఒక్కడే. పక్కన ఎవరు కూర్చున్నా అతను మారలేదు. పదిమంది తిరిగే చక్రానికి అతనే ఇరుసు.

కొత్త కోచ్‌లు డేనీ, జెఫా ఇద్దరూ 2020 ప్రపంచ విజేత డామ్‌వాన్ నుంచి వచ్చినవాళ్లు. వసంతం సీజన్ అంతా వారం వారం ఐదుగురిని మార్చుతూ పోయారు. ఈ వారం జియూస్, గుమాయుసి. వచ్చే వారం కన్నా, టెడ్డీ. ఆ పై వారం ఫేకర్ లేడు. అభిమానులు మ్యాచ్‌కి ముందు లైనప్ ప్రకటన కోసం పరీక్ష ఫలితాల్లాగా ఎదురుచూసేవాళ్లు. చివరికి ఎవరూ కుదురుకోలేదు. జూలైలో, సీజన్ నడుస్తుండగానే, కోచ్‌లిద్దర్నీ పంపించేశారు.

ఇంతవరకూ ఇది ఒక వైఫల్యం కథ. అందరూ అలాగే రాశారు. అయితే ఆ గందరగోళంలో జరిగిన పని ఒకటుంది. జియూస్‌కి అప్పుడు పదిహేడేళ్లు. ఓనర్‌కి పద్దెనిమిది. గుమాయుసికి పంతొమ్మిది, స్టార్‌క్రాఫ్ట్ అనే ఇంకో ఆటలో పెద్ద పేరున్న ఇన్నొవేషన్‌కి తమ్ముడు. ముగ్గురూ ఇంటి ట్రైనీలే. మామూలుగా ఏ పెద్ద టీమ్ అయినా ఇలాంటివాళ్లని రెండో స్థాయి లీగ్‌లో ఆడిస్తూ, స్టార్‌కి గాయమైతే తప్ప పైకి తేదు. ఇక్కడ ముగ్గురికీ ఒకే ఏడాది, పెద్ద స్టేజి మీద, ఫేకర్ పక్కన కూర్చుని ఓడిపోయే అవకాశం దొరికింది. సాధనలో ఎన్ని గంటలు కూర్చున్నా రాని అనుభవం అది. వేసవిలో జంగిల్ ఓనర్‌ది, బాట్ గుమాయుసిది అయిపోయాయి. అక్టోబర్‌లో ఐస్‌లాండ్‌లో జరిగిన వరల్డ్స్‌లో కన్నా, ఓనర్, ఫేకర్, గుమాయుసి, కెరియా సెమీస్ దాకా వెళ్లి డామ్‌వాన్ కియా చేతిలో 2-3తో ఓడారు. అసలు ఎవరూ అంత దూరం ఊహించలేదు.

నవంబర్ రాగానే టీమ్ తేల్చేసింది. కన్నా నాంగ్‌షిమ్‌కి, కజ్ కేటీకి, టెడ్డీ, ఎల్లిమ్ క్వాంగ్‌డాంగ్‌కి, క్లోజర్ లివ్ శాండ్‌బాక్స్‌కి. పదిమందిలో సగం బయటికి. టాప్‌లో జియూస్ పక్కా అయ్యాడు. అంటే 2022లో కనబడే ఐదు పేర్లు ఆకాశం నుంచి ఊడిపడ్డవి కావు, పైవరుసలోని పదింట్లోంచి వడపోసినవి. 2014లో రెండు టీమ్‌లు, 2015లో ఒకటి. 2021లో పదిమంది, 2022లో ఐదుగురు. ఏడేళ్ల తేడాతో అదే లెక్క.

జియూస్, ఓనర్, ఫేకర్, గుమాయుసి, కెరియా. 2022 వసంతంలో వీళ్లు లీగ్ దశలో 18 మ్యాచ్‌లకి 18 గెలిచారు. కొరియా లీగ్ చరిత్రలో అంతకుముందు ఎవరూ చేయనిది. ఫైనల్లో జెన్.జీని కూడా కొట్టారు. ఇక తిరుగులేదనుకున్నారు.

ఆ తర్వాత వరసగా ఐదు ఫైనల్స్ ఓడారు. బూసాన్‌లో ఎంఎస్‌ఐ ఫైనల్ చైనా టీమ్ ఆర్‌ఎన్‌జీ చేతిలో 2-3. వేసవి ఫైనల్ జెన్.జీ చేతిలో 0-3. శాన్ ఫ్రాన్సిస్కోలో వరల్డ్స్ ఫైనల్ డీఆర్‌ఎక్స్ చేతిలో 2-3, అందులో ఎదుటి బాట్ డెఫ్ట్ ఫేకర్ చదివిన హైస్కూల్లోనే చదివినవాడు. 2023 వసంతం, వేసవి రెండు ఫైనల్సూ మళ్లీ జెన్.జీకే. ఇక్కడే నాకు ఈ టీమ్ మీద గౌరవం పెరిగింది. ఒకే ఏడాదిలో మూడు ఫైనల్స్ ఓడిన ఐదుగురిని ఏ యాజమాన్యమైనా విడగొడుతుంది, కనీసం ఒకర్నైనా బలిస్తుంది. వీళ్లు 2022 నవంబర్‌లో ఎవర్నీ కదపలేదు. ఫేకర్ ఇంకో మూడేళ్లకి సంతకం పెట్టాడు.

కోచ్‌ల సంగతి మాత్రం వేరు. ఆటగాళ్ల గడి కదలకుండా ఉన్న ఆ రోజుల్లోనే పక్కనున్న కోచ్ గడి గిర్రున తిరిగింది. 2022లో హెడ్ కోచ్ పోల్ట్ వెళ్లాడు. అతని స్థానంలోకి వచ్చింది ఎవరో కాదు, నిడలీ గేమ్ బెంగీ. అతనూ 2023 జూలైలో తప్పుకున్నాడు. తాత్కాలికంగా పగ్గాలు పట్టిన టామ్ 2015లో ఇదే టీమ్‌లో సబ్ జంగ్లర్. 2023 కప్పు గెలిచింది టామ్ కిందే. ఆ తర్వాత 2024కి క్కొమా తిరిగొచ్చాడు.

ఆ 2023 జూలైలో ఇంకోటి జరిగింది. ఫేకర్ కుడిచేతికి గాయం. మిడ్‌లోకి అకాడమీ కుర్రాడు పోబీని దింపారు. అప్పటిదాకా 6 గెలుపులు, 2 ఓటములు ఉన్న టీమ్, ఫేకర్ లేని ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. పోబీని తిట్టిపోశారు పాపం. నిజానికి ఇది పోబీ లోపం కాదు, రోస్టర్ లోపం. 2021లో సపోర్ట్ తప్ప ప్రతి స్థానానికీ కనీసం ఇద్దర్ని పెట్టుకున్న టీమ్, 2023కి వచ్చేసరికి ఎవరికీ సరైన ప్రత్యామ్నాయం లేకుండా చేసుకుంది. ఒకరికొకరు సాయానికి ఎప్పుడు వెళ్లాలో, ఎవరు ఎప్పుడు వెనక్కి తగ్గాలో ఐదుగురి మధ్య మాటల్లేకుండానే నడిచే అలవాట్లు ఉంటాయి. ఆరో మనిషికి అవి ఒక వారంలో రావు. ఐదుగురూ ఏళ్లు కలిసి ఆడటం వల్ల వచ్చే బలమూ బలహీనతా రెండూ అదే. ఫేకర్ తిరిగొచ్చాక చివరి రెండు మ్యాచ్‌లూ గెలిచి 9-9తో గట్టెక్కారు. అదే ఏడాది నవంబర్ 19న సోల్‌లోని గోచోక్ స్కై డోమ్‌లో చైనా టీమ్ వెయిబోని 3-0తో చిత్తు చేసి, ఏడేళ్ల తర్వాత వరల్డ్స్ గెలిచారు. 2024లో లండన్‌లో ఇంకో చైనా టీమ్ బీఎల్‌జీ మీద 3-2తో ఇంకోటి.

పట్టికలో కనిపించని మరో గడియారం సైనిక సేవ. కొరియాలో ఆరోగ్యంగా ఉన్న మగపిల్లలందరూ సైన్యంలో చేయాల్సిందే, ఇరవైల్లో ఎప్పుడో ఒకప్పుడు. ప్రొఫెషనల్ ఆటగాడికి అది దాదాపు కెరీర్ ముగింపు. మినహాయింపు తెచ్చే దారుల్లో ఒకటి ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 2023 సెప్టెంబర్‌లో హాంగ్‌జౌలో కొరియా జట్టుకి ఆ పతకం వచ్చింది, అందులో ఫేకర్, జియూస్, కెరియా ఉన్నారు. ఓనర్, గుమాయుసి లేరు. అంటే ఒకే టీమ్‌లో, ఒకే కప్పు గెలిచిన ఐదుగురిలో ముగ్గురికి ముందు దారి తెరిచి ఉంది, ఇద్దరికి ఆ లెక్క ఇంకా తేలలేదు. కాంట్రాక్టు ఎన్నేళ్లకి రాసుకోవాలన్న దగ్గర ఇది ఎంత బరువైన విషయమో చెప్పక్కర్లేదు.

ఇలా మూడేళ్లు కదలని ఐదుగురి గూడు చివరికి 2024 నవంబర్‌లో కదిలింది, రెండు కప్పులు గెలిచాక. జియూస్ కాంట్రాక్టు ముగిసింది. బేరం కుదరలేదు. టీమ్ ఒక కథ చెప్పింది, అతని ఏజెన్సీ ఇంకో కథ చెప్పింది, రెంటికీ పొంతన లేదు. అతను ఇంకో కొరియా టీమ్ హన్వా లైఫ్‌కి వెళ్లాడు. అక్కడ టాప్ ఆడుతున్న డోరన్ ఇటొచ్చాడు. ఒకరి కుర్చీలో ఒకరు కూర్చున్నట్టు. డోరన్, కెరియా 2020లో డీఆర్‌ఎక్స్‌లో కలిసి ఆడినవాళ్లే, పూర్తిగా కొత్త ముఖం కాదు.

జియూస్ ద్రోహం చేశాడని చాలామంది కోపం తెచ్చుకున్నారు. నాకు అలా అనిపించలేదు. పదిహేడేళ్లప్పుడు రాసుకున్న ధరకీ, రెండుసార్లు ప్రపంచ విజేత అయ్యాక వచ్చే ధరకీ పోలిక ఉండదు. ఇంట్లో పెంచిన ముగ్గురూ ఒకే సమయంలో ఖరీదైపోతే టీమ్ అందర్నీ పట్టుకోవడం కష్టం. పైగా కొరియా లీగ్ ఖర్చుకి ఒక పరిమితి కూడా పెట్టింది: ఎక్కువ జీతమున్న ఐదుగురి మొత్తం ఫలానా అంకె దాటితే టీమ్ లీగ్‌కి రుసుము కట్టాలి. ఒకే టీమ్‌లో ఏళ్లుగా ఉన్నవాళ్లకి ఆ లెక్కలో కొంత సడలింపు ఇచ్చారు, టీమ్‌లు సొంత పిల్లల్ని నిలబెట్టుకోవాలనే. అయినా కొరియాలోనే ఇంకో టీమ్ ముందుకొస్తే సడలింపులు అంతగా ఆపలేవు.

2025 మొదట్లో మళ్లీ 2021 వాసన వచ్చింది. బాట్‌లో గుమాయుసిని పక్కనపెట్టి అకాడమీ నుంచి వచ్చిన స్మాష్‌ని ఆడించారు. ఒకప్పుడు టెడ్డీని తప్పించి పైకొచ్చిన కుర్రాడే ఇప్పుడు తన స్థానం కోసం కింది నుంచి వచ్చినవాడితో పోటీపడ్డాడు. ఏప్రిల్ కల్లా గుమాయుసి తిరిగొచ్చాడు. సీజన్ మాత్రం ఎగుడుదిగుడుగానే నడిచింది. కొరియా నుంచి నాలుగో టీమ్‌గా, చైనా టీమ్ ఇన్విక్టస్ గేమింగ్‌తో అర్హత మ్యాచ్ ఆడి గెలిస్తే గానీ వరల్డ్స్ ప్రధాన దశలోకి కూడా రాలేకపోయారు.

వచ్చాక ఆగలేదు. నవంబర్ 9న చెంగ్డూలో ఫైనల్. ఎదురుగా కేటీ రోల్‌స్టర్. కేటీ జంగ్లర్ కుర్చీలో కూర్చున్నది కజ్, 2021లో ఇదే టీ1లో ఓనర్‌కి స్థానం వదులుకుని వెళ్లిన కజ్. నాలుగేళ్ల కింద ఒకే గదిలో ఒకే కుర్చీ కోసం పోటీపడ్డ ఇద్దరు జంగ్లర్లు ప్రపంచ ఫైనల్లో ఎదురెదురు. ఐదో గేమ్ దాకా వెళ్లింది. 3-2తో టీ1 గెలిచింది. వరసగా మూడు కప్పులు గెలిచిన తొలి టీమ్ అయింది. ఫైనల్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) గుమాయుసి, ఏడాది మొదట్లో బెంచీ మీద కూర్చున్నవాడు.

కొద్ది రోజులకే అతని కాంట్రాక్టు కూడా ముగిసింది. అతనూ హన్వా లైఫ్‌కే వెళ్లాడు, జియూస్ దగ్గరికి. బాట్‌లోకి పేజ్ వచ్చాడు. 2023 వేసవి ఫైనల్లో టీ1ని 0-3తో ఓడించిన జెన్.జీలో బాట్ ఆడింది అతనే. ఫేకర్ మాత్రం అంతకుముందే జూలైలో 2029 దాకా సంతకం చేసేశాడు.

అలా 2026 వరుసలో డోరన్, ఓనర్, ఫేకర్, పేజ్, కెరియా అని ఉంటుంది. 2021 గడిలోని పదిమందిలో ఇంకా ఇక్కడున్నది ముగ్గురు. జియూస్, గుమాయుసి ఇప్పుడు వేరే జెర్సీలో మళ్లీ పక్కపక్కన కూర్చుంటారు.